సీడీలు రిప్ చేయడానికి ఎన్ని కోర్ల ప్రాసెసర్ కావాలి?

ఇంట్లో ఉన్న పాటల సీడీలన్నీ రిప్ చేయాలని, అంటే కంప్యూటర్‌లోకి ఎక్కించాలని అనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ప్రాసెసర్ గురించే. అందులో కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే లెక్కల భాగాలు, నాలుగు చాలుతాయా, ఆరు కావాలా, పదహారు కోర్లది కొంటే పని నాలుగింతలు త్వరగా అయిపోతుందా అని. బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ఈ పని అవసరం చాలా ఉంది. ఘంటసాల పద్యాల సీడీ పక్కనే భికారి బల్ జగన్నాథ భజనల సీడీ ఉంటుంది. విశాఖ రేడియోలోంచి పట్టుకున్న నాటకాల క్యాసెట్లు, శ్రీరామనవమి పందిట్లో రికార్డు చేసిన హరికథలు, పెళ్లిలో వాయించిన సన్నాయి మేళం రాసిన సీడీ-ఆర్‌లు కూడా ఉంటాయి. సినిమా పాట పోయినా ఇంకో చోట దొరుకుతుంది. మీ ఊరి గుడిలో మీ తాతగారు చెప్పిన హరికథ మీ బీరువాలో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే ఈ పనికి డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టాలి.

నా సలహా ముందే చెప్పేస్తాను. మంచి కోర్లు నాలుగున్నా సరిపోతుంది, ఆరుంటే ధారాళం. అంతకు మించి ప్రాసెసర్ మీద పెట్టే ప్రతి రూపాయీ ఒక మంచి సీడీ డ్రైవ్ మీద, రెండు హార్డ్ డిస్కుల మీద పెడితే ఎక్కువ ఉపయోగం. ఎందుకో లెక్కతో చూద్దాం.

సమయం ఎక్కడ పోతుంది

ఆడియో సీడీలో శబ్దం సెకనుకు 44,100 శాంపిళ్లుగా, ఒక్కో శాంపిల్ 16 బిట్లుగా, రెండు ఛానెళ్లలో ఉంటుంది. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే సుమారు 176 కిలోబైట్లు. గంట పాటలు ఉన్న సీడీని ఏ కుదింపూ లేకుండా ఎక్కిస్తే 635 మెగాబైట్లు అవుతుంది. ఈ మొత్తం ముందు డ్రైవ్ చదవాలి. ఆ తర్వాతే ప్రాసెసర్‌కి పని.

డ్రైవ్ మీద 48ఎక్స్ అనో 52ఎక్స్ అనో రాసి ఉంటుంది, అంటే పాట వినే వేగానికి అన్ని రెట్లు అని. అది డిస్కు బయటి అంచు దగ్గర మాత్రమే అందుకునే వేగం. చదవడం లోపలి నుంచి మొదలవుతుంది, అక్కడ వేగం అందులో సగం కూడా ఉండదు. సన్నటి యూఎస్‌బీ డ్రైవులైతే చాలావరకు 24ఎక్స్‌తోనే ఆగిపోతాయి. గీతల్లేని కొత్త సీడీని సగటున 25 రెట్ల వేగంతో చదివిందనుకుందాం. గంట పాటలకు రెండున్నర నిమిషాలు పడుతుంది. మన ఇళ్లలో సీడీలు అంత శుభ్రంగా ఉండవు కాబట్టి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రాములో సెక్యూర్ మోడ్ పెట్టాలి. అది ప్రతి ముక్కనూ కనీసం రెండుసార్లు చదివి, రెండూ సరిపోలితేనే ముందుకు వెళ్తుంది. సరిపోలకపోతే మళ్లీ మళ్లీ చదువుతుంది. అప్పుడు సగటు వేగం 8 రెట్లకు పడిపోయినా ఆశ్చర్యం లేదు. గంట సీడీకి ఏడు నిమిషాలు పైనే.

ఇక ఎంపీ3 చేసే పని చూద్దాం. లేమ్ అనే ఎన్‌కోడర్ (శబ్దాన్ని ఎంపీ3గా మార్చే ప్రోగ్రాము) ఒక కోర్ మీద పాట నిడివికి 40 రెట్ల వేగంతో నడుస్తోందని లెక్కకోసం అనుకోండి. గంట పాటలకు ఒకటిన్నర నిమిషం. డ్రైవ్ రెండో పాట చదువుతుండగానే మొదటి పాట ఎంపీ3 అయిపోతుంది. ఒక్క కోర్ ఉన్నా అది డ్రైవ్ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. మిగతా కోర్లకు చేయడానికేమీ ఉండదు. బావిలో ఒకటే చేద ఉన్నప్పుడు గట్టు మీద ఎంతమంది బిందెలు పట్టుకుని నిలబడినా నీళ్లు త్వరగా రావు కదా.

అందుకే సీడీలు ఒక్కొక్కటిగా పెట్టి రిప్ చేసేవాళ్లకు వేగం పెంచే మార్గం రెండో డ్రైవ్. పెద్ద కేబినెట్‌లో లోపల బిగించే సాటా డ్రైవులు రెండు పెట్టుకుని రెండు సీడీలు ఒకేసారి చదివిస్తే పని దాదాపు సగం సమయంలో అవుతుంది. డీబీపవర్‌యాంప్ వాళ్ల బ్యాచ్ రిప్పర్ ఇలా ఒకటి కంటే ఎక్కువ డ్రైవులతో పనిచేయడానికే తయారైంది. ఎనిమిది కోర్ల నుంచి పదహారు కోర్లకు వెళ్లే ఖర్చులో ఇలాంటి డ్రైవులు ఎన్నో వస్తాయి.

డ్రైవ్ ఎంపికలో ఇంకో మాట. ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్‌లలో శబ్దం ఒక రంగు పొర మీద ఉంటుంది, వేడికీ వెలుతురుకీ అది పాడవుతుంది. గోపాల్‌పూర్ గాలి తగిలే ఇళ్లలో తేమ కూడా తోడవుతుంది. అలాంటి డిస్కుని ఒక డ్రైవ్ చదవనంటే ఇంకో కంపెనీ డ్రైవ్ చదివేయవచ్చు. కొన్న సీడీలకు అక్యురేట్‌రిప్ అనే సౌకర్యం ఉంది, మీరు రిప్ చేసింది ఇతరులు చేసిన దానితో సరిపోలిందో లేదో చెబుతుంది. మీ పెళ్లి మేళం సీడీ ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండదు కాబట్టి దానికి ఆ తోడు దొరకదు. రెండుసార్లు చదివించి సరిచూసుకోవడమే దారి. సెక్యూర్ మోడ్ నెమ్మదిగా ఉందని విసుక్కుని మామూలు మోడ్‌కి మార్చకండి.

సమయం పోయే చోటు ఇంకొకటి ఉంది, అది టైపింగ్. మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి ఆన్‌లైన్ జాబితాలు పేరున్న సీడీల పాటల పేర్లు తెచ్చిపెడతాయి. మన ప్రాంతపు భజన మండళ్లు రాయించుకున్న సీడీల పేర్లు వాటిలో ఉండవు. పాట పేరు, పాడినవారు, సంవత్సరం, ఊరు అన్నీ మీరే కొట్టాలి. తెలుగు పాటకు తెలుగులో, ఒడియా పాటకు ఒడియాలో కొట్టండి. ఫ్లాక్ (నాణ్యత పోకుండా శబ్దాన్ని కుదించే పద్ధతి) ఫైళ్లలో ట్యాగులు, అంటే పాటతో పాటు దాచే ఈ వివరాలు, అన్ని లిపులనూ రాయగల యూనికోడ్‌లోనే ఉంటాయి, ఎంపీ3 ట్యాగులు కూడా యూనికోడ్‌ని పట్టుకోగలవు. కారు స్టీరియోలో అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే అది ఆ స్టీరియోలో ఫాంటు లేకపోవడం, ఫైలు తప్పు కాదు. ఈ టైపింగ్‌కి పట్టే సమయాన్ని ఏ ప్రాసెసరూ తగ్గించదు. కానీ పాడింది ఎవరో చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ పని చేసుకోవాలి.

కోర్లు నిజంగా ఎప్పుడు అక్కరకొస్తాయి

రిప్ చేయడం పూర్తయి, అన్నీ ఫ్లాక్‌లో దాచుకున్నారనుకోండి. ఫ్లాక్ 2001 నుంచి ఉన్న పద్ధతి. శబ్దంలో ఒక్క బిట్టు కూడా పోకుండా సైజు సుమారు సగానికి తగ్గిస్తుంది. ఇప్పుడు పెన్ డ్రైవులో వేసి గుడి మైకు సెట్టుకీ, కారుకీ, ఫోన్లకీ పంచడానికి మొత్తం ఎంపీ3 చేయాలి. ఇక్కడ డ్రైవ్ అడ్డు లేదు. ఫైళ్లన్నీ డిస్కులో సిద్ధంగా ఉన్నాయి. 500 గంటల సంగీతం ఉంటే, పై లెక్క ప్రకారం ఒక కోర్‌కి పన్నెండున్నర గంటలు. నాలుగు కోర్లకు మూడు గంటల పైచిలుకు. ఆరింటికి రెండు గంటలు. పదహారింటికి ముప్పావు గంట.

ఈ అంకెలు చూసి పదహారు కోర్ల మీద మనసు పడటం సహజం. కానీ ఈ పని ఎన్నిసార్లు చేస్తారు? సేకరణ మొత్తాన్ని మార్చడం ఒకసారి, మహా అయితే ఇంకోసారి. రాత్రి పడుకునే ముందు మొదలుపెడితే నాలుగు కోర్లైనా పదహారు కోర్లైనా తెల్లారేసరికి సిద్ధంగానే ఉంటుంది. రోజూ పదిమంది సీడీలు తెచ్చి ఇచ్చే దుకాణం నడిపేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు ఎనిమిది కోర్లు దండగ కాదు.

కోర్లు పంచుకునే తీరు కూడా తెలుసుకోవాలి. లేమ్ ఒక ఫైలుని ఒకే కోర్ మీద చేస్తుంది. 2017లో వచ్చిన 3.100 వెర్షన్‌లోనూ అంతే. ఎంపీ3లో ఒక ముక్కలో మిగిలిన బిట్లను తర్వాతి ముక్క వాడుకునే ఏర్పాటు ఉంది, అంటే ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. కాబట్టి ఒక పాటని మధ్యకి కోసి ఇద్దరికి పంచడం తేలిక కాదు. ఫూబార్2000, డీబీపవర్‌యాంప్ లాంటి ప్రోగ్రాములు చేసేది ఏమిటంటే, ఆరు పాటలు తీసుకుని ఆరు కోర్లకు ఒక్కొక్కటి ఇస్తాయి. లైనక్స్‌లో ఏబీసీడీఈ అనే ప్రోగ్రాములో కూడా ఒకేసారి ఎన్ని ఎన్‌కోడర్లు నడపాలో మనమే చెప్పవచ్చు. సినిమా పాటల సీడీకి ఇది చక్కగా కుదురుతుంది, పన్నెండు పాటలు పన్నెండు ఫైళ్లు.

మన సరుకు దగ్గరే చిక్కు. మూడు గంటల హరికథ ఒకే ఫైలుగా ఉంటుంది. ఏకాహం భజన రికార్డు అయితే ఇరవై నాలుగు గంటలు. అలాంటిదాన్ని లేమ్‌కి ఇస్తే పదహారు కోర్ల కంప్యూటర్లో ఒక కోర్ చెమటోడుస్తుంటే పదిహేను ఊరికే ఉంటాయి. అప్పుడు పని త్వరగా కావాలంటే ఆ ఒక్క కోర్ వేగంగా ఉండాలి. పాత సర్వర్ ప్రాసెసర్లు, కోర్లు ఎక్కువ, వేగం తక్కువ ఉన్నవి, ఇక్కడ కొత్త నాలుగు కోర్ల ప్రాసెసర్ కంటే వెనకబడతాయి. అందుకే మన ఇళ్ల పనికి కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోర్ సత్తా ముఖ్యం అంటున్నాను.

దీనికి దారులున్నాయి. హరికథని పిట్టకథ దగ్గరో కీర్తన దగ్గరో తెంపి ముక్కలుగా చేసుకుంటే వినడానికీ వెతకడానికీ సుఖం, కోర్లన్నీ కూడా పనిచేస్తాయి. తెంపడం ఇష్టం లేనివాళ్లు ఫ్రీయాక్ అనే ప్రోగ్రాము వాడవచ్చు. 2020లో వచ్చిన దాని 1.1 వెర్షన్ నుంచి ఒకే ఫైలుని చాలా కోర్ల మీద ఎంపీ3 చేయగలుగుతోంది. ఫ్లాక్ వాళ్లు 2025 ఫిబ్రవరిలో తెచ్చిన 1.5 వెర్షన్‌లో కూడా ఒక ఫైలుని పలు కోర్లకు పంచే సౌకర్యం వచ్చింది. అయితే ఫ్లాక్ మామూలుగానే చాలా వేగం. సాదా హార్డ్ డిస్కు మీద ఫైలు చదవడం, రాయడం దగ్గరే ఎక్కువ ఆలస్యమవుతుంది. కోర్లు పెంచినకొద్దీ డిస్కు వెనకబడుతుంది కాబట్టి పని జరిగే ఫోల్డర్ హార్డ్ డిస్కు కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకోండి.

ఒక సందేహం భజన మండలి పెద్దలు తప్పకుండా అడుగుతారు: "బాబూ, ఎక్కువ కోర్లుంటే పాట బాగా వినిపిస్తుందా?" లేదండీ. నాణ్యత సీడీ ఎలా చదివాం, ఎన్‌కోడర్‌లో ఏ సెట్టింగ్ పెట్టాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు కూడా ఇందులో ఏమీ చేయదు. వీడియో మార్చేటప్పుడు అది సాయపడుతుంది, ఎంపీ3, ఫ్లాక్ పనికి దానికీ సంబంధం లేదు.

ఏది కొనాలి

బరంపురంలో కొనేవాళ్లైనా, విశాఖ వెళ్లి తెచ్చుకునేవాళ్లైనా, ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్లైనా ముందు చూడవలసింది ఆఫీసుల్లోంచి తీసి బాగుచేసి అమ్మే పాత డెస్క్‌టాప్‌లు. నా మొదటి ఓటు వీటికే. 2018 నాటి ఇంటెల్ ఐ5-8500 ఉన్నది దొరికితే ఆరు నిజమైన కోర్లు, విండోస్ 11 కూడా అధికారికంగా ఎక్కుతుంది. దానికంటే పాతది ఐ5-6500. అందులో నాలుగు కోర్లు, ధర ఇంకా తక్కువ, కానీ విండోస్ 11 జాబితాలో లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాని మీద లైనక్స్ వేసుకుని రిప్పింగ్‌కే కేటాయిస్తే హాయిగా నడుస్తుంది. ఈ డబ్బాల్లో చాలావాటికి సీడీ డ్రైవ్ పెట్టే చోటు ఉంటుంది. ఇప్పటి గాజు తలుపుల కేబినెట్లలో చాలావాటికి ఆ చోటే లేదు, కొనేముందు అది చూసుకోవాలి.

పాత సరుకులో ఒకదాని విషయంలో జాగ్రత్త. ఏఎండీ ఎఫ్ఎక్స్-8350 మీద ఎనిమిది కోర్లు అని రాసి ఉంటుంది. 2012లో వచ్చిన ఆ ప్రాసెసర్‌లో రెండేసి కోర్లు కలిసి ఒక దశాంశ లెక్కల విభాగాన్ని పంచుకుంటాయి. లేమ్ ఎక్కువగా వాడేది ఆ విభాగాన్నే. ఎనిమిది అనుకుని కొంటే పనిలో ఎనిమిది కనిపించవు, పైగా 125 వాట్ల వేడి. ఎంత తక్కువకి ఇస్తానన్నా నేను వద్దంటాను.

కొత్తదే కావాలంటే ఇంటెల్ ఐ3-12100. నాలుగు కోర్లు, నాలుగూ ఒకే రకం, నాలుగూ వేగమైనవి. ఒక్కో కోర్‌లో రెండు థ్రెడ్లు, మొత్తం ఎనిమిది. థ్రెడ్ అంటే ఇంకో కోర్ అని లెక్కేయకండి, ఒకే కోర్ ఖాళీ క్షణాలను వాడుకునే ఉపాయం అది. దానివల్ల పని కొంత పెరుగుతుంది తప్ప రెట్టింపు కాదు. ఇంట్లో సీడీలు, క్యాసెట్లు ఎక్కించే మనిషికి దీన్ని మించి అవసరం ఎప్పుడో గానీ రాదు. అదే ధరకు కాస్త అటూ ఇటూగా షాపులో ఐ3-12100ఎఫ్ చూపిస్తారు. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదు, మానిటర్ వెలగాలంటే విడిగా కార్డు కొనాలి. పాటల పనికి అది దండగ ఖర్చు, ఎఫ్ లేనిదే అడగండి.

ఆరు కోర్లు కావాలంటే ఏఎండీ వైపు రైజెన్ 5 5600, 5600జీ అని రెండున్నాయి. రెండింటిలో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. 5600లో ఎల్3 కాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 మెగాబైట్లు, కానీ గ్రాఫిక్స్ లేదు. 5600జీలో కాష్ సగం, గ్రాఫిక్స్ ఉంది. ఆటలాడేవాళ్లు మొదటిది మెచ్చుకుంటారు. ఆడియో ఎన్‌కోడర్ ఒకసారికి తీసుకునే ముక్క చాలా చిన్నది కాబట్టి ఆ కాష్ తేడా మనకు తెలియదు. మనకు 5600జీనే మేలు. ఇంటెల్ వైపు దీనికి జోడీ ఐ5-12400, అందులోనూ ఆరు ఒకేలాంటి కోర్లు, గ్రాఫిక్స్ ఉంది. ఈ రెండింటిలో ఆ రోజు ఏది మదర్‌బోర్డుతో కలిపి చవగ్గా వస్తే అది తీసుకోండి, మన పనిలో మీకు తేడా కనిపించదు. రైజెన్ 5 7600 ఇంకా వేగమైనదే గానీ డీడీఆర్5 ర్యామ్, కొత్త బోర్డు తప్పనిసరి. వేరే పనులకు కూడా కంప్యూటర్ వాడుకునే ఇల్లైతే సరే, పాటల కోసమే అయితే అక్కర్లేదు.

ఐ5-13400, 14400 లాంటివాటి మీద పది కోర్లు అని రాసి ఉంటుంది. అందులో ఆరు పెద్దవి, నాలుగు చిన్నవి. చిన్న కోర్లు కరెంటు ఆదా చేస్తాయి, వేగం తక్కువ. బోలెడన్ని పాటలు ఒకేసారి మార్చేటప్పుడు అవి కూడా చేయి వేస్తాయి కాబట్టి ఉపయోగం ఉంటుంది. పొడుగైన హరికథ ఫైలు చిన్న కోర్ మీద పడితే మాత్రం మిగతావన్నీ ముగించుకుని దానికోసం కూర్చుంటాయి. పది అనే అంకె చూసి 12400 కంటే బాగా ఎక్కువ ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

ఎనిమిది కోర్ల రైజెన్ 7 5700జీ డబ్బులు తీసుకుని ఇతరులకు ఈ పని చేసిపెట్టేవాళ్లకు. పదహారు కోర్ల రైజెన్ 9 5950ఎక్స్ లాంటివి పాటల పనికి ఎవరికీ చెప్పను. ఆ ప్రాసెసర్ వీడియో ఎడిటింగ్ చేసే స్టూడియో వాళ్లది.

ఇక ఇంటెల్ ఎన్100. 2023లో వచ్చిన ఈ ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు, నాలుగూ చిన్న రకమే, వేడి 6 వాట్లు. అరచేతిలో పట్టే డబ్బాలుగా దొరుకుతుంది. దీన్ని చాలామంది తీసిపారేస్తారు, నేను అలా అనను. ఒక్కో కోర్ బలం 2015 నాటి ఐ5-6500 కోర్‌కి దగ్గరగా ఉంటుంది. ఒక యూఎస్‌బీ డ్రైవ్ పెట్టి రోజుకి నాలుగు సీడీల చొప్పున తీరిగ్గా ఎక్కించే పెద్దవాళ్లకు ఇది చాలు. డ్రైవ్ కంటే ఇది ఎప్పుడూ ముందే ఉంటుంది. ఈ డబ్బా కొన్నాళ్లకు ఇంటి పాటల పెట్టెగా కూడా మారుతుంది, పగలూ రాత్రీ వెలిగించి ఉంచినా కరెంటు బిల్లు భయపెట్టదు. రాస్ప్‌బెర్రీ పై 5 కూడా ఇదే పని చేయగలదు, కానీ కేసు, అడాప్టర్, డిస్కు అన్నీ విడివిడిగా కొనేసరికి ఎన్100 డబ్బా ధరకే వచ్చేస్తుంది, అందులో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ నేరుగా నడవదు.

ర్యామ్ గురించి ఒకే మాట: ఎనిమిది జీబీ.

ఎండ, కరెంటు, తుపాను

సన్నటి ల్యాప్‌టాప్‌లో ఎన్ని కోర్లున్నా వైశాఖం ఎండల్లో అన్నీ కలిసి గంటల తరబడి పనిచేస్తే వేడెక్కి వేగం తగ్గించుకుంటాయి. మొదటి పది నిమిషాల వేగం చూసి మోసపోకూడదు. ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్నవాళ్లు పెద్ద మార్పిడులు రాత్రిపూట పెట్టుకోండి, కింద గాలి ఆడేలా ఏదైనా ఎత్తు పెట్టండి. డెస్క్‌టాప్‌లో 65 వాట్ల ప్రాసెసర్‌కి దానితో వచ్చే ఫ్యానే చాలు, కాకపోతే దుమ్ము దులుపుతూ ఉండాలి.

కరెంటు పోవడం ఇంకా ముఖ్యం. ఇన్వర్టర్ ఉన్నా అది మారే ఆ కాస్త క్షణంలో డెస్క్‌టాప్ ఆగిపోవచ్చు. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ ఉంటే అది పెట్టండి, లేకపోతే చిన్న యూపీఎస్ విడిగా కొనండి. మధ్యలో ఆగిన ఫైలు చూడటానికి మామూలుగానే ఉంటుంది, చివరి చరణం మాత్రం ఉండదు. ఫ్లాక్‌లో ఫైలు సరిగ్గా ఉందో లేదో పరీక్షించే ఆజ్ఞ ఉంది, మొత్తం ఫోల్డర్ మీద ఒకసారి నడపండి. ఈ పరీక్షకు కోర్లు ఎక్కువుంటే నిజంగానే త్వరగా అవుతుంది.

రెండు హార్డ్ డిస్కులు అని ఎందుకన్నానంటే, 2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా మీద పడింది. ఇంట్లోకి నీళ్లొస్తే సీడీలు, కంప్యూటర్ కలిసే పోతాయి. 300 సీడీలు ఫ్లాక్‌లో పెట్టుకున్నా సుమారు 100 నుంచి 120 జీబీ. ఒక్క టెరాబైట్ డిస్కులో ఎన్నో ఇళ్ల పాటలు పడతాయి. ఒక డిస్కు ఇంట్లో ఉంచి, రెండోది విజయనగరంలోనో విశాఖలోనో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. ఐ5 బదులు ఐ3 తీసుకుంటే మిగిలే డబ్బులో ఈ రెండో డిస్కు వచ్చేస్తుంది, నాకు ఆ మార్పిడి ఎప్పుడూ లాభసాటిగానే కనిపిస్తుంది.

క్యాసెట్లు ఉన్నవాళ్లకు

సీడీల కంటే క్యాసెట్లే ఎక్కువ ఉన్న ఇల్లైతే ప్రాసెసర్ చర్చే అక్కర్లేదు. 60 నిమిషాల క్యాసెట్ 60 నిమిషాలే పడుతుంది. డబ్బు మంచి డెక్ మీద, సరైన యూఎస్‌బీ సౌండ్ ఇంటర్‌ఫేస్ మీద పెట్టండి. హెడ్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. హెడ్ వాలు సరిగ్గా లేకపోతే సన్నటి స్వరాలన్నీ మసకబారిపోతాయి, ఆ తర్వాత ఏ కోర్లూ వాటిని తిరిగి తేలేవు.

ఒక్క చోట మాత్రం కోర్ల లెక్క ఇక్కడా పనికొస్తుంది. ఒక పక్క క్యాసెట్ రికార్డు అవుతుండగా ఇంకో పక్క నిన్నటి ఫైళ్లు ఎంపీ3 చేయాలనుకుంటారు. కోర్లన్నీ ఎన్‌కోడింగ్‌కి ఇచ్చేస్తే బలహీనమైన కంప్యూటర్లో రికార్డింగ్ మధ్యమధ్య తెగుతుంది. ఎన్‌కోడర్‌లో ఎన్ని కోర్లు వాడాలో పెట్టే చోట ఉన్నవాటికంటే ఒకటి తక్కువ పెట్టండి, నాలుగుంటే మూడు. రెండు కోర్ల పాత కంప్యూటర్ అయితే రికార్డింగ్ అయ్యేదాకా వేరే పనేదీ పెట్టకండి.

కొనేముందు ఒక పరీక్ష

షాపుకి వెళ్లేటప్పుడు పెన్ డ్రైవులో లేమ్, ఒక గంట నిడివి డబ్ల్యూఏవీ (కుదింపు లేని శబ్దపు) ఫైలు వేసుకెళ్లండి. పాత కంప్యూటర్లు అమ్మేవాళ్లు సాధారణంగా ఆన్ చేసి చూపిస్తారు. డబ్ల్యూఏవీ ఫైలుని దాని డిస్కులోకి కాపీ చేసి లేమ్ నడిపితే తెర మీద పాట నిడివికి ఎన్ని రెట్ల వేగంతో పని జరుగుతోందో అంకె కనిపిస్తుంది. అదే ఒక కోర్ అసలు బలం. 25 పైన ఉంటే మీ డ్రైవ్ కంటే ఆ కోర్ వెనకబడదు, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి కోర్లు ఎన్నో, థ్రెడ్లు ఎన్నో విడివిడిగా చూడండి. బిల్లులో "8 కోర్" అని రాసి లోపల నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉండటం జరుగుతుంటుంది. ఆఖరున ఇంట్లో ఉన్నవాటిలో బాగా గీతలు పడ్డ సీడీ ఒకటి డ్రైవ్‌లో పెట్టి చదివించండి. అది చదవలేకపోతే ప్రాసెసర్ ఎంత బాగున్నా సరే, వేరే డ్రైవ్ పెట్టి ఇవ్వమని అడిగిన తర్వాతే డబ్బు కట్టండి.